కోడిపందెం ఆడనంటే?



సంక్రాంతి పది రోజులుందనగా మా అక్క మనవడు ల్యాప్‌టాప్ నా ముందుకు జరిపి ఒక ప్రశ్న వేశాడు. "తాతా, బ్రహ్మనాయుడు కోడిపందెం ఆడనని లేచిపోతే ఏమయ్యేది?"

మార్కాపురం, గిద్దలూరు వైపు బళ్ళలో ముప్పై ఏళ్ళు సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి. పల్నాటి యుద్ధం ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. పందెంలో ఎవరు ఓడారు, ఎన్నేళ్ళు ఊరొదిలి పోయారు, యుద్ధం ఎక్కడ జరిగింది, ఇవే నేనడిగేవి, పిల్లలు రాసేవి. ఆడనంటే ఏమయ్యేదని ఒక్క పిల్లాడూ అడగలేదు. వీడికి ఆ ప్రశ్న ఎందుకొచ్చిందంటే వీడు ఆ యుద్ధాన్ని ఆటగా కడుతున్నాడు. ఆట అన్నాక ఆడేవాడి చేతికి ఏదో ఒకటి ఇవ్వాలి కదా. పందెం ఒప్పుకుంటావా, కాదంటావా? కాదనే మీట పెట్టాలా వద్దా అన్నది వాడి సమస్య. వాడితో కూర్చున్న ఆ పది రోజుల్లో అది నా సమస్య కూడా అయింది.

ముందు ఆ ఆట సంగతి చెబుతాను. క్రూసేడర్ కింగ్స్ అని స్వీడన్ దేశపు పారడాక్స్ కంపెనీ ఆట ఒకటుంది. దాని మూడో భాగం 2020లో వచ్చింది. పేరుకు శిలువ యుద్ధాల నాటి రాజుల ఆట. కానీ పటం తెరిస్తే ఐరోపా, అరేబియాలతో పాటు మన దేశం కూడా ఉంటుంది. ఇలాంటి ఆటలను కొనుక్కున్నవాళ్ళు లోపలి పటాలు, పేర్లు, లెక్కలు మార్చి తమ కథ ఎక్కించుకోవచ్చు. కుర్రాళ్ళు దాన్ని మాడ్ అంటారు. హరిదాసు రామకథ చెబుతూ మధ్యలో మన ఊరి సంగతి ఒకటి పిట్టకథగా ఎక్కిస్తాడు చూడండి, ఇంచుమించు అలాంటిదే. కాకపోతే ఇక్కడ పిట్టకథే పెరిగి పెరిగి అసలు కథ అవుతుంది.

ఆ ఆటను 1178వ సంవత్సరం నుంచి మొదలుపెట్టే వీలు 2024లో వచ్చింది. వీడి కన్ను ఆ అంకె మీద పడింది. పల్నాటి యుద్ధం 1176, 1182 మధ్య జరిగి ఉంటుందని చరిత్రకారుల అంచనా. అక్కడ పాలస్తీనాలో సుల్తాను సలాదిన్ హత్తీన్ దగ్గర క్రైస్తవ సైన్యాన్ని ఓడించి జెరూసలేం తీసుకున్నది 1187లో. అంటే కారెంపూడిలో నాగులేరు ఒడ్డున మనవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు నరుక్కున్న ఐదు నుంచి పదకొండేళ్ళలోపే అక్కడ అది జరిగింది. రెండు పాఠాలూ ఒకే తరగతికి చెప్పిన రోజులున్నాయి. ఏనాడూ ఒక పటం మీద పెట్టి చూపించలేదు. ఈ కుర్రాడు పెట్టాడు.

పల్నాడు మనకు పరాయిదేమీ కాదు. ఎర్రగొండపాలెం మీదుగా మాచర్ల బస్సెక్కితే అడవి దాటగానే అదే. మార్కాపురంలో ఉన్నదీ చెన్నకేశవుడే, మాచర్లలో ఉన్నదీ చెన్నకేశవుడే. పందెంలో ఓడి ఊరొదిలిన మాచర్లవాళ్ళు తలదాచుకున్న చోటుగా కథలో మేడపి పేరు వస్తుంది. మన త్రిపురాంతకం మండలంలో మేడపి అనే ఊరుంది. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు బొంగరాలాడిందీ, ఆ బొంగరం ఒకామె కాలికి తగిలి ఆమె నోట యుద్ధం మాట విన్నదీ ఈ కథలోనే. ఒక్కసారి ఆలోచించండి. కోడిపందెంతో మొదలై, బొంగరంతో మలుపు తిరిగే యుద్ధగాథ ఇది. ఆటలు ఈ కథలోకి బయటి నుంచి రాలేదు. మొదటి నుంచీ దీని లోపలే ఉన్నాయి.

అందుకే కాబోలు, శిలువ యుద్ధాల కోసం పోసిన ఆ అచ్చులో మన కథ చాలావరకు చక్కగా ఇమిడింది. ఆ ఆటలో రాజు చనిపోతే రాజ్యం కొడుకుల మధ్య ముక్కలవుతుంది. ఆడేవాళ్ళందరికీ అదే పెద్ద తలనొప్పి. పల్నాడు ఏలిన అనుగురాజు సంతానం కథ ఇంకేమిటి? నలగామరాజుది గురజాల, మలిదేవుడిది మాచర్ల. ఒక ఇల్లు రెండు కోటలయింది. ఆ ఆటలో పెళ్ళితో పొత్తు కుదురుతుంది, విందులో విషం కలుస్తుంది. మన కథలో నలగాముడి అల్లుడు అలరాజు రాయబారానికి పోయి చర్లగుడిపాడులో విషానికి బలైపోయాడు. కుర్రాడు కొత్తగా రాయాల్సిన పని అక్కడ చాలా తక్కువ. అన్నదమ్ముల వాటా, అల్లుడి ప్రాణం, ఇవి ఫ్రాన్సులోనైనా పల్నాడులోనైనా ఒకటే లెక్క.

ఇమడని చోటు కూడా ఉంది. అక్కడే వాడికీ నాకూ మొదటి వాదన. ఆ ఆటలో యుద్ధం ప్రకటించాలంటే కారణం చూపించాలి. ఆ కారణాల్లో మతయుద్ధం ఒకటి. శిలువ యుద్ధాల ఆట కాబట్టి అది సులువుగా దొరుకుతుంది, లాభమూ ఎక్కువే. మాచర్ల మంత్రి బ్రహ్మనాయుణ్ణి వైష్ణవుడని, గురజాల మంత్రి నాగమ్మను శైవురాలని చెబుతారు కాబట్టి వీడు రెండు వైపులా ఆ మీటే పెట్టేశాడు. ఆట జోరుగా నడిచింది. నేను ఒప్పుకోలేదు. ఆ భేదం అప్పుడు లేదని నేననను. వీరవైష్ణవం, వీరశైవం పెరుగుతున్న రోజులవి, చరిత్రకారులు దాన్ని గుర్తించారు కూడా. కానీ కథలో తగువు మొదలైంది నేల వాటా దగ్గర, మంత్రి పదవి దగ్గర, పందెం మాట దగ్గర. వాటిని పక్కకు తోసి దేవుళ్ళను ముందు నిలబెడితే, పరాయి అచ్చు మన కథను మింగేసినట్టే. ఆటకు వేగం పెరుగుతుందని మనుషులు కొట్టుకున్న కారణాన్ని మార్చకూడదు. ఈ విషయంలో నేను పట్టు విడవలేదు. రెండు రోజులు అలిగి, మూడోనాడు వాడే తీసేశాడు. దాని బదులు ఆస్తి తగువు పెట్టాడు. అప్పటి నుంచి ఆట నెమ్మదించింది. అంతకు రెండింతలు ఉత్కంఠగానూ అయింది. ఎందుకంటే ఆస్తి తగువులో అటూ ఇటూ చుట్టాలే. కత్తి ఎత్తిన ప్రతిసారీ ఎవరో మేనల్లుడు ఎదురొస్తాడు.

ఇక పటం. పటంలో మన ప్రాంతం చూసి నాకు ఆనందమేసింది, వెంటనే కోపమూ వచ్చింది. నల్లమల కొండలు వేశాడు, గుండ్లకమ్మ వేశాడు, త్రిపురాంతకం గుడి వేశాడు, కంభం చెరువు వేశాడు. పొలాల గట్ల మీద చిల్లచెట్లు, అంటే సర్కారు తుమ్మ. సంతలో మిరపకాయలు. వీటిలో మూడు తప్పు. సర్కారు తుమ్మ ఈ దేశానికి వచ్చింది 1870లలో. మిరప పోర్చుగీసు ఓడల వెంట వచ్చింది, 1500 దాటాకనే. కంభం చెరువు విజయనగర కాలం నాటిది, రాణి వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. పల్నాటి వీరులకు, ఆ చెరువుకు మధ్య మూడొందల ఏళ్ళ పైచిలుకు దూరం.

"అవి తీసేస్తే మన ఊరిలా ఉండదు తాతా" అన్నాడు.

ఆ మాటలో న్యాయం ఉంది. చిల్లకంప లేని మార్కాపురాన్ని, మిరప కళ్ళం లేని పల్నాడును ఈనాడు ఎవరు గుర్తుపడతారు? చూడగానే ఇది మనదే అనిపించాలి, లేకపోతే ఆడేవాడి మనసు అందులో దిగదు. ఏం చేద్దామని చాలాసేపు కూర్చున్నాం. చిల్లచెట్లు పీకి నల్లతుమ్మ, రేగు, మోదుగ పెట్టాం. అవి ఎప్పటి నుంచో ఈ నేలవే. మిరప బదులు మిరియాలు. ఓడరేవు సరుకులకు మోటుపల్లి శాసనం పనికొచ్చింది. 1244లో కాకతి గణపతిదేవుడు వర్తకులకు అభయమిస్తూ వేయించిన శాసనం అది. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడం, రాగి, పట్టు, మిరియాలు, పోకలు, దేని మీద ఎంత సుంకమో అందులో ఉంది. యుద్ధానికి అరవై ఏళ్ళ తర్వాతిదే, అయినా అంత దగ్గరి సాక్ష్యం దొరకడం అదృష్టం. సంతలో తినేదానికి జొన్న, సజ్జ, కొర్ర.

చెరువు దగ్గర మాత్రం నేను దిగొచ్చాను. చెరువు తీసేశాం. కానీ ఆ కనుమ ఉంచాం. రెండు కొండల మధ్య గుండ్లకమ్మ ఇరుకున పడి పారే చోటు 1178లోనూ అక్కడే ఉంది. రాయి ఉంది, మన్ను ఉంది, మనుషులున్నారు. ఆడేవాడు అక్కడ కట్ట వేస్తానంటే వేయనీ. బ్రిటిషు గెజెటీరు ఆ కట్ట ఎత్తు 57 అడుగులని రాసింది. అంత కట్ట వేయాలంటే ఎన్ని బళ్ళ మన్ను, ఎంత ధాన్యం, ఎన్నేళ్ళ కూలి? ఆ ఖర్చు దాచకుండా పెట్టు అన్నాను. ఒక తరం రాజు కత్తి పక్కన పెడితే తప్ప పూర్తికానట్టు పెట్టాడు. ఆ చెరువుకు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది. మూడొందల ఏళ్ళ ముందే కట్టుకునే వరం ఆటగాడికి ఇస్తే చరిత్రకు ద్రోహం చేసినట్టా? నాకు అలా అనిపించలేదు. ఆట మొదలయ్యే పొద్దున ఏది ఉందో అది నిజంగా ఉండాలి. ఏ పనికి ఎంత ఖరీదో అదీ నిజంగా ఉండాలి. ఆ తర్వాత నడక ఆడేవాడిది. ఈ మాట అప్పటికి నాకింత తేటగా తెలియదు, ఆ చెరువు దగ్గరే తెలిసింది.

ఖరీదు అన్నాను కనుక నీళ్ళ సంగతి చెప్పాలి. మన మార్కాపురం వైపు వాళ్ళకు నీళ్ళ గురించి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. వేసవిలో ట్యాంకరు శబ్దం వినపడితే చాలు, వీధి వీధంతా బిందెలతో బయటికొస్తుంది. ఇలాంటి ఆటలు చేసేవాళ్ళు మొదట వదిలేసేది నీళ్ళనే. సైనికులు ఎన్నాళ్ళయినా నడుస్తారు, దాహం వేయదు. ఆట చకచకా సాగాలని అలా చేస్తారు. కానీ హత్తీన్‌లో జరిగింది ఏమిటి? 1187 జులై 3న క్రైస్తవ సైన్యం సఫూరియా ఊటలు వదిలి, తిబేరియా వైపు ఎండలో నడిచింది. దారిలో నీళ్ళు లేవు. సలాదిన్ మనుషులు చుట్టుముట్టి నిలవనివ్వలేదు. రాత్రంతా దాహంతో గడిపారు. తెల్లారి ఎండుగడ్డికి నిప్పు పెడితే ఆ పొగ కూడా వాళ్ళ మీదికే. ఇనుప కవచాలు, గుర్రాలు, నిజమైన శిలువ అని నమ్మి వెంట తెచ్చుకున్న కొయ్య, ఏవీ ఆదుకోలేదు. ఎదురుగా కనపడుతున్న తిబేరియా సరస్సును అందుకోలేక ఓడిపోయారు.

ఈ సంగతి చెప్పాక కుర్రాడు రాత్రంతా మేలుకుని లెక్కలు మార్చాడు. ఇప్పుడు వాడి ఆటలో ఎండాకాలం నల్లమల దిగి పల్నాడు వైపు సేన నడవాలంటే ముందు ఊటలు, వాగులు, దిగుడు బావులు ఎక్కడున్నాయో కనుక్కోవాలి. చెంచులతో మంచిగా ఉన్నవాడికి అడవిలో నీటి జాడ తెలుస్తుంది. వాళ్ళను తరిమినవాడికి తెలియదు. నేను ఆడి చూశాను. నా సేన సగం దారిలోనే చెదిరిపోయింది. ఇంత గట్టిగా ఏ యుద్ధపాఠమూ నాకు పట్టలేదు. సరదా తగ్గిందా అని వాడినడిగాను. "ఇప్పుడే కదా తాతా ఆట మొదలైంది" అన్నాడు. చాలామంది నిజాన్ని, సరదాను త్రాసులో చెరో వైపు పెట్టి, ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుందనుకుంటారు. దాహాన్ని ఆటలో పెట్టి చూస్తే రెండూ ఒకే వైపు పెరిగాయి.

ఇంతకూ నిజం అంటున్నాం గాని, దేన్ని చూసి నిజం అనాలి? పల్నాటి యుద్ధం మనకు పుస్తకంగా చేరింది శ్రీనాథుడి పేరుతో ఉన్న పల్నాటి వీరచరిత్రతో. యుద్ధానికి, శ్రీనాథుడికి రెండొందల ఏళ్ళు దాటిన ఎడం. పాటగా చేరింది ఈ కథను పాడే వీరవిద్యావంతుల గొంతుల్లో. జీన్ రోఘైర్ అనే అమెరికన్ పండితుడు పల్నాడు వచ్చి ఆలిశెట్టి గాలెయ్య పాడిన కథను రికార్డు చేసుకుని 1982లో ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చాడు. పాటకుడికి ఆ వీరులు దేవుళ్ళు. కారెంపూడిలో ఏటా కార్తీకంలో ఐదు రోజులు ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. యుద్ధాన్ని ఊరంతా మళ్ళీ బతుకుతుంది. ఇది చరిత్ర కాదని తోసేద్దామా? పోనీ రాయి మాటే వేదం అనుకుందామా? మన త్రిపురాంతకంలో 1290 నాటి కాయస్థ నాయకుడు అంబదేవుడి శాసనం ఉంది. తానెవరెవరిని ఓడించాడో వరసగా చెక్కించుకున్నాడు. ఓడినవాళ్ళు చెక్కించి ఉంటే ఆ వరస వేరేగా ఉండేది. రాయికీ ఒక పక్షం ఉంటుంది.

మేము చేసింది ఇంతే. ఆటలో ఒక సంగతి ఎదురైనప్పుడు మూలన చిన్న గుర్తు కనపడుతుంది. శాసనం నుంచి వచ్చిందైతే రాయి బొమ్మ, కథలోదైతే వీరవిద్యావంతులు వాయించే జోడు బొమ్మ, మేము ఊహించినదైతే ఖాళీ పలక. పలకలకు పేరున్న మార్కాపురం వాళ్ళం, పలక బొమ్మ పెట్టకుండా ఉండలేకపోయాం. ఆడేవాడు పట్టించుకోకపోతే ఆట ఆగదు. తెలుసుకోవాలనుకుంటే దాచిందేమీ లేదు.

నాయకురాలు నాగమ్మ దగ్గర మాత్రం కొన్ని రోజులు ఆగిపోయాం. నా చిన్నప్పటి నుంచి ఆమె కుట్రలకు మారుపేరు. సినిమాల్లో కూడా, 1947లో కన్నాంబ, 1966లో భానుమతి ఎంత ఠీవిగా చేసినా, జనం ఆమె ఓటమే కోరుకుంటూ చూశారు. కథకు ఆ వెసులుబాటు ఉంది, ఒక పక్షాన నిలబడి చెప్పొచ్చు. ఆటకు లేదు. ఎవరో ఒక పిల్లో పిల్లాడో నాగమ్మగా కూర్చుంటారు. ఆ కుర్చీలోంచి చూసినప్పుడు ఆమె చేసే పనికి ఆమె వైపు న్యాయం కనపడాలి. ఒక పల్లెటూరి ఆడమనిషి రాజు మెప్పు పొంది మంత్రి కావడం, తరతరాలుగా మంత్రిత్వం నెరుపుతున్న వంశం ఆమెను ఓర్వలేకపోవడం, ఇవి మేము కల్పించినవి కావు, కథలో ఉన్నవే. పాడేవాళ్ళు అటువైపు దీపం తిప్పలేదు, అంతే. దీనికి ఆట నియమమే అడ్డు పడింది. ఆ ఆటలో మగవాళ్ళదే పెత్తనమని గుర్తు వేసిన మతాల్లో ఆడవాళ్ళకు మంత్రి పదవులు దక్కవు. మన ప్రాంతానికీ అదే గుర్తు వేసి పెట్టారు. నాగమ్మ తర్వాత ఎనభై ఏళ్ళకు ఇదే నేలను రుద్రమదేవి ఏలిందని కుర్రాడికి చెప్పాను. ఆ నియమం తిరగరాశాడు. అవతలి పక్షాన మాల కన్నమదాసును సేనానిగా పెట్టడానికి ఏ నియమమూ అడ్డు రాలేదు. చాపకూడు కూడా పెట్టాం. అన్ని కులాలవాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని తింటే సేనకు కట్టుబాటు పెరుగుతుంది, కొందరు సామంతులు మొహం చాటేస్తారు. ఆ లాభం, ఆ నష్టం రెండూ నిజమే.

ఇక ఆ పందెం. చిట్టిమల్లు బ్రహ్మనాయుడి పుంజు, శివంగి డేగ నాగమ్మ పుంజు అని కథకులు చెబుతారు. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలిపోవాలి. కాదనే మీట పెట్టకపోతే అది ఆట కాదు, బొమ్మల పుస్తకం. పెడితే, తెలివైనవాడెవడూ పందెం ఆడడు. వలస లేదు, మేడపి లేదు, బొంగరం లేదు, యుద్ధం లేదు. చెరువు దగ్గర దొరికిన దారే ఇక్కడా పట్టుకున్నాం. మీట పెట్టాలి, దాని ఖరీదూ పెట్టాలి. నిండు సభలో పిలిచిన పందేనికి రానంటే పౌరుషం పోయిందంటారు. మనవాళ్ళకు ఇది విడమరచి చెప్పాలా? మాట పడ్డ నాయకుణ్ణి వదిలి సామంతులు ఒక్కొక్కరే జారుకుంటారు. కొన్నేళ్ళు శాంతి. ఆ శాంతిలో చేతిలో బలం కరిగిపోతుంటుంది. ఆడితే ఒక బాధ, ఆడకపోతే ఇంకో బాధ. బ్రహ్మనాయుడు ఎందుకు ఆడాడో నాకు అప్పుడు తెలిసొచ్చింది, ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాక.

సంక్రాంతికి మా అక్క వచ్చింది. ఆమెను కారెంపూడి దగ్గరి పల్లెకు ఇచ్చారు. పెళ్ళయిన నాటి నుంచి ఏ కార్తీకమూ వీరుల గుడికి పోకుండా ఉండలేదు. రాయబారం రోజున అలరాజు కథ పాడుతుంటే ఎప్పుడూ కన్నీళ్ళు పెట్టుకునే మనిషి. కనుమ నాడు అందరూ తిన్నాక మనవడు ఆమె పక్కన ల్యాప్‌టాప్ పెట్టి మాచర్ల పక్షాన కూర్చోబెట్టాడు. చదువు రాదు, తెర మీద వచ్చేది వాడు చదివి వినిపిస్తున్నాడు, ఆమె చెప్పినట్టు నొక్కుతున్నాడు. పందెం ఆడింది, ఓడింది. ఏడేళ్ళు గడిపింది. రాజ్యం తిరిగి ఇమ్మని గురజాలకు రాయబారం పంపాల్సిన ఘట్టం వచ్చింది.

"నాయనమ్మా, అలరాజును పంపనా?"

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వద్దురా, పంపమాక" అంది.

"పంపకపోతే మాటలుండవు నాయనమ్మా, నేరుగా యుద్ధమే. నీ దగ్గర మనుషులు తక్కువ."

"తక్కువైతే తక్కువ. ఆ బిడ్డను మాత్రం పంపొద్దు."

వాడు నొక్కాడు. ఆమె యుద్ధంలో ఓడిపోయింది. తెర మీద బతికి మిగిలినవాళ్ళ పేర్లు వచ్చాయి, వాడు ఒక్కొక్కటే చదువుతుంటే మా అక్క పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. మూడో పేరు అలరాజుది.